నాలుగో పేజీలో ఏ పేరు?

మొన్న మంగళవారం ఎనిమిదో తరగతికి వర్గమూలాలు చెప్పి వచ్చి, స్టాఫ్ రూములో ఇలా కుర్చీ లాక్కున్నానో లేదో ఫోన్ మోగింది. డీటీపీ కుర్రాడు. నా రెండో కథల సంపుటికి పేజీలు కడుతున్నాడు.

"మేడమ్, కవరు మీద గోస్తని అని వేసేశాం. లోపల నాలుగో పేజీలో కాపీరైట్ దగ్గర ఏ పేరు వెయ్యమంటారు?"

"అదే వెయ్యి బాబూ."

"అది కలం పేరు కదా మేడమ్. అసలు పేరు కూడా ఉంటే మంచిదంటున్నారు మా సారు. చెప్పండి, కొట్టేస్తాను."

సాయంత్రం చెప్తానని పెట్టేశాను. అవతల బల్ల దగ్గర ఇద్దరు మాస్టార్లు టీ తాగుతున్నారు. కవరు మీద పేరు స్టాఫ్ రూములో పైకి అనకపోవడం నాకు ఎన్నో ఏళ్ళ అలవాటు. సాయంత్రం దాటింది, నాలుగు రోజులూ దాటాయి. కుర్రాడికి ఇంకా చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, ఒక్క ముక్క కదా అనుకున్నాను. కూర్చుని చూస్తే అది ఒక్క ముక్క కాదు.

మా ఊరు పద్మనాభం పక్కన. ఊరి వెనకే గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దిగి, తాటిపూడి రిజర్వాయరు దగ్గర కాసేపు ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మ్యాపులో నది. మాకు మాత్రం ఏరే. "ఏటికెళ్ళొస్తాం" అనేవాళ్ళం గానీ గోస్తనికెళ్ళొస్తాం అని ఎవరూ అనగా వినలేదు. ఎండాకాలం ఇసకలో చెలమ తీసి, కొబ్బరి చిప్పతో బిందె నింపేవాళ్ళం. నీళ్ళు తేరుకునేదాకా గట్టున కూర్చోవాలి. నేను కథలల్లడం అక్కడే మొదలుపెట్టానంటే బాగుంటుంది గానీ, నిజానికి అక్కడ మా అక్కా నేనూ బిందె ఎవరు మొయ్యాలని జుట్లు పట్టుకునేవాళ్ళం.

1992లో విశాఖలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండగా మొదటి కథ రాశాను. మా నాన్న మెట్ట పొలం తనఖా పెట్టిన కథ. పెట్టి, అమ్మకి చెప్పకుండా ఆర్నెల్లు తిరిగిన కథ. పేరు మార్చాను, పొలాన్ని కొబ్బరితోట చేశాను. అయినా కింద నా పేరుంటే ఎవరికి తెలియదు? నాన్న పత్రికలు చదవడు గానీ, చదివి ఆయనకి చెప్పేవాళ్ళు ఊళ్ళో నలుగురున్నారు. అందుకని కథ కింద "గోస్తని" అని రాసి ఒక వారపత్రికకి పంపాను. నాకు తెలిసిన పేర్లలో ఎవరి బంధువూ కానిది అదొక్కటే.

కథతో పాటు హామీ పత్రం జత చెయ్యాలి. ఇప్పటి పిల్లలు మెయిల్లో ఒక లైను కొడుతున్నారు. మేమైతే విడిగా తెల్లకాగితం మీద "ఈ కథ నా స్వంతం. దేనికీ అనువాదం గానీ అనుసరణ గానీ కాదు. మరే పత్రిక పరిశీలనలోనూ లేదు" అని రాసి సంతకం పెట్టేవాళ్ళం. నేను దాని కింద కూడా ఎంతో అందంగా, తవత్తు సాగదీసి, గోస్తని అని సంతకం పెట్టాను. పది రోజులకి సంపాదకుల దగ్గర్నుంచి కార్డు వచ్చింది. హామీ పత్రం మీద కలం పేరుతో సంతకం చేస్తే హామీ ఎవరిచ్చినట్టు, అసలు పేరూ పూర్తి చిరునామా రాసి పంపండి, అని. చిన్నబుచ్చుకుని, ఇంటి చిరునామా రాసి పంపాను. అదే పొరపాటు.

కథ పడింది. దసరా సెలవులకి ఊళ్ళో ఉన్నాను. పోస్టుమేను సైకిలు దిగి, ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, అరుగు మీదున్న నాన్నతో అన్నాడు: "ఇదేటి బాబూ, ఏరు పేరు మీద మనియార్డరొచ్చినాది?"

డెబ్బై అయిదు రూపాయలు. చిరునామా మాదే. పేరు మాత్రం ఏరుది. నేనేనని చెప్పాను. "నువ్వంటే సరిపోదు తల్లీ, నువ్వే అని ఎవులైనా సాచ్చికం పెట్టాల," అన్నాడు. చదువుకున్నవాళ్ళెవరూ ఆ పూట దగ్గర్లో లేరు. నాన్న సంతకం ఒక్కటే నేర్చుకున్న మనిషి. సొసైటీ అప్పుకీ, ఆ తనఖాకీ పెట్టిందీ ఆ సంతకమే. పోస్టుమేను చూపించిన చోట వేలు ఆనించి గుర్తు పెట్టుకుని, పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు. గోస్తని అనే మనిషి తనకి తెలుసని, ఆ డబ్బు ఆ మనిషికే ముట్టిందని సాక్ష్యం.

"ఏటి రాసేవు?" అన్నాడు తర్వాత.

"ఏదో కథ నాన్నా."

ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం చూస్తే అప్పటికే ఎవరో చెప్పారని నా అనుమానం. ఫారంలో కింది కూపను ముక్క చింపి మనకిచ్చేసేవారు కదా, అది ఇప్పటికీ నా దగ్గరుంది. సాక్షి సంతకం ఉన్న ముక్కని మాత్రం పోస్టుమేను పట్టుకుపోయాడు.

దాక్కోవడానికి పెట్టుకున్న పేరు మొదటి డెబ్బై అయిదు రూపాయలకే బయటపడింది. మరి తర్వాత ఎందుకు ఉంచుకున్నానంటే, 1996 డీఎస్సీలో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. గవర్నమెంటు టీచర్లు కథలు రాయకూడదని ఎక్కడా లేదు, రాసేవాళ్ళలో సగం మంది మేమే. కానీ నా కథల్లో బడి ఉంటుంది. బడిలో తాళం వేసిన మరుగుదొడ్డి ఉంటుంది, ఆ తాళంచెవి జేబులో వేసుకుని తిరిగే ఒకాయనుంటాడు. నేను పనిచేసిన ఆరు బళ్ళలో ఏ ఒక్కదాన్నీ ఉన్నదున్నట్టు దింపలేదు. అయినా ప్రతి బళ్ళోనూ ఇది మా బడే అనుకునేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

2009లో ఒక ఆదివారం సంచికలో నా కథ పడింది. కొత్తగా పెళ్ళయిన టీచరమ్మ ఒకామెకి అత్తగారు కోడిగుడ్లు లెక్కపెట్టి వంటింట్లో పెట్టే తంతు. సోమవారం స్టాఫ్ రూములో మా తెలుగు మాస్టారు ఆ సంచిక మడిచి పట్టుకుని వచ్చారు. ఆయన మంచి చదువరి, వాక్యం వాసన పట్టగలిగిన మనిషి. ఆయన ఏమంటారోనని నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. చాక్‌పీసుల డబ్బా సర్దుతున్నట్టు నటిస్తూ కూర్చున్నాను.

"వాక్యం బానే ఉందమ్మా," అన్నారు నాతోనే, పక్కన ఇంకెవరూ లేక. "కానీ ఈ గోస్తని అనేవాడు ఎవడో గానీ, వీడికి ఆడవాళ్ళ గురించి ఒక్క ముక్క తెలీదు. ఏ ఆడపిల్లయినా ఆరు గుడ్ల గురించి అంత కుమిలిపోతుందా? ఇదంతా మగాడు బయటనుంచి ఊహించి రాసింది."

నేను "అవునా మాస్టారూ" అన్నాను. ఇంకేమనను? అది నాకు జరిగిందంటే పేరు చెప్పాలి. చెప్పకుండా వాదిస్తే, లెక్కల టీచరుకి కథల గొడవెందుకంటారు. ఆ రాత్రి మావారికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు మూడు రోజులు నవ్వు రాలేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. నా పేరు చూసి నేను ఆడో మగో ఎవరికీ తెలియదు. ఉత్తరాలు "సోదరా" అనీ వచ్చేవి, "అమ్మా" అనీ వచ్చేవి. పెళ్ళిళ్ళ కథ రాస్తే అమ్మా, భూముల కథ రాస్తే సోదరా. ఒకప్పుడు వారపత్రికల్లో రచయిత్రుల నవలలకి గిరాకీ ఎక్కువుంటే మగవాళ్ళు ఆడపేర్లతో రాసిన కాలం ఉంది. పురాణం సుబ్రహ్మణ్య శర్మగారు 'పురాణం సీత' పేరుతో ఇల్లాలి ముచ్చట్లు రాస్తే, నిజంగా ఎవరో ఇల్లాలే రాస్తోందనుకుని చదివినవాళ్ళు మా పెద్దమ్మల తరంలో బోలెడుమంది. మగవాడు ఆడదాని గొంతుతో రాస్తే ప్రతిభ. ఆడది పేరు దాచి రాస్తే, చివరికి మగవాడై కూర్చుంది.

బీనాదేవి సంగతి నాకు మరీ ఇష్టం. ఆ పేరు వెనక ఇద్దరున్నారు, భార్యాభర్తలు. భర్త భాగవతుల నరసింగరావుగారు జడ్జి, భార్య త్రిపురసుందరమ్మగారు. ఆయన పోయాక కూడా ఆవిడ ఆ పేరుతోనే రాశారు. ఒక పేరులో ఇద్దరు ఎలా ఇమిడారో అని ఆశ్చర్యపోతుంటాను. మా ఇంట్లో ఒక దువ్వెన దగ్గరే ఇద్దరికీ పడదు.

అత్తగారి విషయం చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆవిడకి చదువు రాదు. ఆ గుడ్ల కథని మా అమ్మాయి, రెండో తరగతో మూడో తరగతో, కూడబలుక్కుంటూ నాయనమ్మకి చదివి వినిపించేసింది. నేను బడినుంచి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. తల ఎత్తకుండా అడిగింది. "ఆ కతలో ముసల్ది నానేనేటే?"

"కథ కదండీ అత్తయ్యా..."

"ఆరు కాదు. నాను పది ఎట్టీదాన్ని." అని పిక్కలు తీసుకుంటూ ఉండిపోయింది.

తెలుగు మాస్టారు కనిపెట్టలేనిది ఆవిడకి ఒక్క పూటలో తెలిసిపోయింది. ఆవిడ ఎప్పుడూ నన్ను గోస్తని అని అనలేదు గానీ, ఎవరైనా చుట్టాలొస్తే మాత్రం "మా కోడలు రాస్తాది, జాగర్తగా మాటాడండి" అనేది.

ఇక డబ్బూ కాగితాల గొడవ క్లుప్తంగా. గోస్తని పేరు మీద చెక్కు వస్తే బ్యాంకులో వెయ్యడానికి లేదు. కౌంటరులో ఆయన, అఫిడవిట్ చేయించుకోండి, "ఫలానా అలియాస్ గోస్తని" అని, అన్నాడు. అలియాస్ అన్నమాట నేను అంతవరకూ పేపర్లో దొంగతనాల వార్తల్లోనే చదివాను. వద్దనుకుని, చెక్కులు అసలు పేరు మీదే ఇమ్మని పత్రికలకి రాశాను. ఒకసారి హైదరాబాదులో బహుమతి సభకి పిలిచినవాళ్ళు, ఎంతో మర్యాదగా, రైలు టికెట్టు కలం పేరు మీదే తీశారు. రాత్రి పదకొండింటికి టీసీ ఆధార్ చూసి, చార్టు చూసి, మళ్ళీ నన్ను చూసి "గోస్తని ఎక్కడమ్మా?" అన్నాడు. ఆహ్వానపత్రం చూపించాను. అందులో నా ఫొటో లేదు. "సరే పడుకోండి, పొద్దున్న చూద్దాం" అని వెళ్ళిపోయాడు. తెల్లార్లూ నిద్ర పట్టలేదు. ఆయన మళ్ళీ రాలేదు.

ఇంకొకరికి ఇదే పేరుంటే ఏమవుతుందో కూడా చూశాను. తణుకు మీదుగా పోయే గోస్తని ఇంకొకటుంది. తణుకు పాఠకులు ఇప్పటికీ ఫోన్ చేసి "మీది మా ఊరేనటగా" అంటారు. కాదండీ, మాది భీమిలి గోస్తని అంటే, గొంతులో ఉత్సాహం సగం తగ్గిపోతుంది. ఆ మధ్య అదే పేరుతో ఎవరో కవిత్వం మొదలుపెట్టారు. నా ఫోనుకి అభినందనలు వచ్చాయి. మొదట్లో నేను కాదని చెప్పేదాన్ని. రెండుమూడు కవితలు బాగున్నాయి, వాటికి మాత్రం థాంక్యూ అని ఊరుకున్నాను.

2014లో మొదటి పుస్తకం ఆవిష్కరణ విశాఖలో. వేదిక మీద ఒక పెద్దాయన, సంస్కృత పండితులు, కథల జోలికి పోకుండా నా పేరు పట్టుకున్నారు. "గో అంటే ఆవు. స్తనము అంటే..." అని మొదలుపెట్టి, బొర్రా గుహలో ఆవు పొదుగు ఆకారం దాకా తీసుకెళ్ళి వర్ణించారు. ముందు వరుసలో మా అమ్మాయి తల వంచుకుని కిసుక్కున నవ్వుతోంది. నాకు శాలువా కప్పుకుని ముఖం దాచుకోవాలనిపించింది, శాలువా ఇంకా కప్పలేదు. చివరికి ఆయనే "అమరకోశంలో గోస్తనీ అంటే ద్రాక్ష" అని శ్లోకం చదివి గట్టెక్కించారు. ఇరవై రెండేళ్ళుగా వాడుతున్న పేరుకి ఆ అర్థం ఉందని నాకే తెలియదు.

ఆ సభలోనే, టీలు ఇచ్చే దగ్గర, ఒకాయన పక్కకి వచ్చి నిలబడ్డారు. ఇది ప్రతి సభలోనూ జరుగుతుంది, మనిషి మారతాడంతే.

"గోస్తని కలం పేరు కదూ. అసలు పేరు?"

చెప్పాను. మా ఈడు ఆడవాళ్ళలో ఊరికి నలుగురికుండే పేరు. దానితో ఆయనకి పని జరగలేదు.

"ఇంటిపేరు?"

"రాసుకోనండీ."

"అహ, రాసుకోకపోయినా ఉంటుంది కదమ్మా. పోనీ మీవారిది? పుట్టింటివారు ఎవరు? పద్మనాభం అంటున్నారు, అక్కడ ఫలానావారు మీకేమవుతారు?"

ఆయన అడుగుతున్నది నా పేరు కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నన్ను ఏ గూట్లో పెట్టాలో తేలితే గానీ ఆయన టీ చల్లారదు. ఇంటిపేరు దొరికితే కొందరు "మనవాళ్ళే!" అని ఫోన్ నంబరు తీసుకుంటారు. కొందరు "ఊఁ" అని బిస్కెట్ల వైపు వెళ్ళిపోతారు. రెండూ చూశాను. రెండోదే కాస్త నయం.

1965లో దిగంబర కవులు ఆరుగురూ పాత పేర్లు వదిలేసుకున్నప్పుడు ఇది ఆలోచించే ఉంటారు. యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యాడు, భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యాడు, రాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యాడు. తోకలు మూడూ రాలిపోయాయి. నా పేరులో అంత నిప్పు లేదు, ఏటి నీళ్ళే. కానీ ఆ టీ టేబుల్ దగ్గర మాత్రం ఆ ఆరుగురూ నాకు చుట్టాలు.

తెనాలి 'శారద'నీ తలుచుకుంటాను. నటరాజన్ అనే తమిళ కుర్రాడు, హోటళ్ళలో సర్వరు, తెలుగు నేర్చుకుని ఆ పేరుతో కథలూ నవలలూ రాసి, 1955లో చిన్న వయసులోనే పోయాడు. పగలు ప్లేట్లు అందిస్తున్నప్పుడు అతన్ని ఏమని పిలిచి ఉంటారు? శారదా, రెండిడ్లీ అని అయితే పిలిచి ఉండరు.

సరే, నాలుగో పేజీ.

మా అమ్మాయి ఎల్ఎల్‌బీ ఆఖరి సంవత్సరం. దాన్నడిగాను. రెండు నిమిషాల్లో తేల్చేసింది. "1957 కాపీరైట్ చట్టం, 23వ సెక్షన్ అమ్మా. మారుపేరుతో పుస్తకం వేస్తే, అచ్చైన మరుసటి ఏడాది మొదలు నుంచి అరవై ఏళ్ళు లెక్క. ఈలోపు రాసిందెవరో బయటపెడితే, నువ్వు పోయాక అరవై ఏళ్ళు. అసలు పేరు వెయ్యి. నాకే లాభం."

నేను పోయాక అరవై ఏళ్ళకి నా గుడ్ల కథ ఎవరు దొంగిలిస్తారే అన్నాను. "అదంతా తర్వాత. పేరు చెప్పు, టైప్ చేసి నేనే పంపుతాను," అని ఫోను పట్టుకుని కూర్చుంది.

అప్పుడు చిక్కుకుపోయాను. అసలు పేరంటే ఏది? పదో తరగతి సర్టిఫికెట్టులో, డిగ్రీలో, సర్వీసు రిజిస్టరులో నా పేరు ముందున్నది పుట్టింటి పేరు. పెళ్ళి 1997లో, ఉద్యోగం అంతకుముందే వచ్చింది కాబట్టి అక్కడ అలాగే ఉండిపోయింది. రేషన్ కార్డులో, ఆధార్‌లో అత్తింటి పేరు. పాన్ కార్డులో పుట్టింటిదే గానీ స్పెల్లింగు ఇంకో రకం. ఈ రెండు ఇంటిపేర్ల మనుషులూ ఒకరేనని మండలాఫీసులో ఒకసారి, బ్యాంకులో రెండుసార్లు కాగితం రాసిచ్చాను. 1992 నుంచీ అక్షరం మారకుండా, ఎవరింటికి వెళ్ళినా నాతో వచ్చింది గోస్తని ఒక్కటే. అసలు పేర్లని రుజువు చేసుకోవడానికి నాకు అన్ని కాగితాలు పట్టాయి. కలం పేరుకి నాన్న సంతకం ఒక్కటే సరిపోయింది.

మావారిని అడిగితే, "నీ ఇష్టం, మా ఇంటిపేరు వెయ్యకపోతే నేనేమీ అనుకోను," అన్నారు. అలా అన్నాక కాసేపు పేపరు మీదనుంచి తల ఎత్తలేదు. ఆ పేజీ అప్పటికే చదివేసిన పేజీ.

మా అమ్మకి ఫోన్ చేశాను. ఎనభై రెండేళ్ళు, వినపడదు. పుస్తకం వేస్తున్నానమ్మా, లోపల నాన్న ఇంటిపేరు వెయ్యనా అని గట్టిగా అరిచాను. ఏం వినపడిందో ఏమో, "ఆయన లేడు కదే, సంతకం ఎవలు ఎడతారు?" అంది.

నిన్న రాత్రి డీటీపీ కుర్రాడు మళ్ళీ మెసేజ్ పెట్టాడు. పుస్తకం శుక్రవారం ప్రెస్సుకి వెళ్ళాలట. కాపీరైట్ దగ్గర ప్రస్తుతానికి చుక్కలు పెట్టి ఉంచమన్నాను. ఎన్ని చుక్కలు మేడమ్ అని అడిగాడు.